వంతెన దగ్గర ఓడిపోవాలి

కదలకూడదు, ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు, వేస్తే మంచులోంచి ఏ తోడేలో లేస్తుంది, లేస్తే కొట్టాలి, కొడితే గెలుస్తాం, గెలిస్తే లెవెల్ పెరుగుతుంది, పెరిగితే ఇన్ని ఆదివారాల శ్రమా గోదాట్లో కాదు గాని మా షినానో నదిలో కలిసిపోతుంది, అందుకని బొటనవేలు బటన్ మీంచి తీసేసి కమలాపండు ఒలుచుకుంటున్నాను. తెర మీద నలుగురూ వంతెనకి ఇవతల నిలబడి ఉన్నారు. నిలబడి ఉన్నారంటే ఊరికే లేరు, ఈ పాత ఆటల్లో బొమ్మలకి నిలకడ ఉండదు, ఉన్నచోటే కుడికాలు ఎడమకాలు ఆడిస్తూ ఉంటాయి, బస్సు రాకపోతే స్టాపులో మనం చలికి కాళ్ళు ఆడించుకున్నట్టు. బస్సు రాలేదనే అన్నయ్య కూడా ఫోన్ చేశాడు. స్టేషన్ దగ్గర మంచు తోడుతున్నారట, ఓ గంట పట్టేట్టుందట, నువ్వు మాత్రం ముందుకి పోకు తోమో అన్నాడు. యాభై ఏళ్ళొచ్చాయి మనిషికి, నాకు నలభయ్యారు, ఇప్పటికీ అదే మాట. నువ్వు ముందుకి పోకు. నేను పోనయ్యా బాబూ, ఎప్పుడైనా పోయానా.

ఆ రోజుల్లో అది మా ఇంట్లో చట్టం. కథ అన్నయ్యది, కష్టం నాది. వాడు సాయంత్రం ట్యూషన్‌కి పోయే ముందు ఆట మిషన్ నాకు అప్పగించి చెప్పేవాడు, ఊరి చుట్టూ తిరుగు, కనిపించినదాన్నల్లా కొట్టు, లెవెల్ పెంచు, కొత్త ఊరు కనిపిస్తే గుమ్మం దగ్గరే ఆగిపో, కొత్త మనిషితో మాట్లాడకు. జపాన్‌లో తోడబుట్టిన చిన్నవాళ్ళందరి బతుకూ అదేనని తర్వాత తెలిసింది, నేను పనిచేసే బడి వంటశాలలో మా తోటివాళ్ళని అడిగితే ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు, మేమూ అదే పనే చేశామమ్మా అని. అన్నలు కథ చూస్తారు, చెల్లెళ్ళు తోడేళ్ళని కొడతారు. నాకేం బాధ లేదు అప్పట్లో, నిజం చెప్పాలంటే ఇష్టంగానే ఉండేది, ఎందుకంటే కొట్టే కొద్దీ పెరిగేది ఈ ప్రపంచంలో అదొక్కటే. లెక్కలు ఎన్ని చేసినా మార్కులు పెరిగేవి కాదు.

ఆటలోని ఆ ఊళ్ళో బావి దగ్గర ఒకావిడ ఉండేది. ఎప్పుడు పలకరించినా ఒకటే మాట, ఈవేళ గాలి బాగుందండీ. పాత మనిషే కాబట్టి ఆవిడతో మాట్లాడితే చట్టం తప్పినట్టు కాదు, అందుకని నాలుగు తోడేళ్ళని కొట్టినప్పుడల్లా పోయి ఆవిణ్ణి పలకరించి వచ్చేదాన్ని. తర్వాత కథలో ఆ ఊరు తగలబడింది. అన్నయ్య వెనకాల కూర్చుని చూశాను, బూడిద రంగు వేసేశారు ఊరంతటికీ, మనుషులందరి మాటలూ మారిపోయాయి, నా కొడుకేడీ అని ఒకడు, నీళ్ళు అని ఒకడు. అన్నయ్య ఒక్కొక్కళ్ళనీ పలకరించుకుంటూ బావి దగ్గరికి పోయేసరికి నేను వాడి చొక్కా పట్టుకున్నాను, వద్దు, ఆవిడ దగ్గరికి వద్దు అని. వాడు నవ్వి బటన్ నొక్కాడు. ఈవేళ గాలి బాగుందండీ. అంతే. ఆట చేసినవాళ్ళు మర్చిపోయారో, కావాలనే ఉంచారో ఇవాళ్టికీ తెలియదు, ఇద్దరం నోరు తెరుచుకుని ఉండిపోయాం, నాకు ఏడుపొచ్చింది. ఈ ‘ఏడు వంతెనలు’ ఆటలో నీకు బాగా నచ్చిన ఘట్టం ఏదీ అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అదే, జనం మాత్రం ఓడ గాల్లోకి లేచేది చెబుతారు, దేశం అంతా ఏడ్చిన రాకుమారి చావు చెబుతారు, లేకపోతే ఈ వంతెన చెబుతారు.

ఈ వంతెన.

కమలాపండు పుల్లగా ఉంది. కాళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి, బల్ల కింద హీటరు, పైన దుప్పటి, ఈ కొతాత్సు లోంచి లేవాలంటే చలికాలంలో ఎవరికీ బుద్ధి పుట్టదు. బయట రోడ్డు మధ్య గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి మంచు కరగడానికి, ఆ బోరు నీళ్ళలో ఇనుము ఉండి మా ఊరి రోడ్లన్నీ తుప్పు రంగు, పొరుగూరి వాళ్ళు వచ్చి అయ్యో ఇదేమిటి అంటారు, మాకు మాత్రం ఎర్రగా లేని రోడ్డు చూస్తే రోడ్డులా అనిపించదు. అన్నయ్యకి ఆ ఎరుపు ఇంకా కనిపిస్తుందట. అడుగు ముందు అంత మేర, గుండ్రంగా. ముందు రేచీకటి అన్నారు, తర్వాత పక్క చూపు పోయింది, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టేనట, ఆ గొట్టం కూడా ఏడాదికేడాదికీ సన్నబడుతోంది. యంత్రాల భాగాలు గీసే ఉద్యోగం, గీతకి గీత తేడా రాకూడదని పేరు మోసిన చెయ్యి, మొన్న శరదృతువులో తనే కాగితం రాసిచ్చి మానుకున్నాడు. నాతో చెప్పింది మానేశాక.

అప్పుడే అడిగాడు. నేనైతే ఇంకేమైనా అడుగుతాడనుకున్నాను, బ్యాంకు పనులనో, ఇల్లు మారడమనో. తోమో, నాకా వంతెన ఘట్టం చూడాలనుంది అన్నాడు. చూపు ఉండగా.

ఫోన్‌లో దొరుకుతుంది కదా, ఎవరో ఒకరు ఆడింది పెట్టే ఉంటారు, ఇప్పుడే చూపిస్తా ఉండు అన్నాను. వాడు నా ఫోన్ పక్కకి తోసేశాడు. ‘ఎవడో ఓడిపోతే నేను చూసేదేంటే? మనం ఓడాలి’ అన్నాడు.

ఇక్కడే ఉంది తిరకాసంతా. ఏ ఆటలోనైనా ఓడితే అయిపోయినట్టే, మళ్ళీ మొదటికి. ఈ వంతెన దగ్గర మాత్రం ఓడిపోవాలి. నల్ల కవచం వేసుకున్నవాడు ఒకడు అడ్డంగా నిలబడతాడు, వాణ్ణి గెలవడం ఎవరి తరమూ కాదు, ఓడిపోయాకే ఆ ఘట్టం వస్తుంది. ఎవరి తరమూ కాదని ఆట చేసినవాళ్ళు అనుకున్నారు. పాపం వాళ్ళకి నా సంగతి తెలియదు. ఆ వేసవి సెలవులన్నీ, వీధిలో పిల్లలు పుచ్చకాయలు తింటుంటే, బామ్మ విసనకర్ర పట్టుకుని పక్కన కునుకుతుంటే, ఎవరూ చెప్పనంత కొట్టాను, చెప్పినదానికి మూడింతలు పెంచి పెట్టాను, అన్నయ్య మెచ్చుకోవాలని. వాడు ట్యూషన్ నుంచి వచ్చి కూర్చుని వంతెన ఎక్కాడు. నల్ల కవచం వాడు పడిపోయాడు. బాకాలు మోగాయి. ఇద్దరం లేచి గెంతులేశాం, అమ్మ వంటింట్లోంచి కేకలేసింది, బామ్మకి మెలకువ వచ్చి ‘నేను బాగా కొట్టానా’ అని అడిగింది.

అవును, బామ్మ కూడా ఉండేది ఆ నలుగురిలో. పేర్లు మనమే పెట్టుకోవచ్చు కదా, కత్తివీరుడికి యసు అని వాడి పేరు, వైద్యం చేసే పిల్లకి తోమో అని నా పేరు, విలుకత్తెకి అమ్మ పేరు, నిప్పులు కురిపించే లావుపాటి మంత్రగత్తెకి బామ్మ. బామ్మకి అది ఎంత గర్వమో, రోజూ సాయంత్రం ముల్లంగి ఊరగాయ నములుతూ అడిగేది, ‘ఇవాళ నేనేం చేశానే?’ అని, నేను చెప్పేదాన్ని, రెండు గబ్బిలాల్ని కాల్చేశావు బామ్మా అని. కథ చివర్లో కూలిపోతున్న కోట కప్పుని తన చేతులతో ఆపి మిగతావాళ్ళని బయటికి పంపి మంత్రగత్తె చచ్చిపోతుంది. చూపించాలా వద్దా అని మేమిద్దరం తర్జనభర్జన పడి చివరికి పిలిచాం. బామ్మ మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం చూసి, ‘బాగానే పోయాను’ అని లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళింది. అసలు పోయినప్పుడు, అది ఆస్పత్రిలో, గొట్టాల మధ్య, అన్నయ్య నా చెవిలో ఆ మాటే అన్నాడు, బాగానే పోయిందే అని, ఏడుస్తూ నవ్వాను, అత్తయ్యలు ఎగాదిగా చూశారు.

ఎక్కడికో పోయాను. తెర మీద నలుగురూ అలాగే కాళ్ళాడిస్తున్నారు. మిషన్ మీద ఎర్రదీపం వెలుగుతోంది. పాతకొట్టులో వెతికి కొన్న ఈ క్యాసెట్టు లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మిషన్ ఆపితే ఆడిందంతా పోతుంది, అందుకని నవంబర్ నుంచి ఆపలేదు. పైన గుడ్డ కప్పి, ఇల్లు ఊడ్చేటప్పుడు మడి కట్టుకున్నట్టు దూరంగా ఊడ్చి, గాలివాన వస్తే కరెంటు పోతుందేమోనని రాత్రిళ్ళు లేచి చూసి. పైగా ఈసారి పని తిరగబడింది, లెవెల్ పెంచకూడదు, పారిపోవాలి, ప్రతి తోడేలు దగ్గరా ‘పారిపో’ నొక్కాలి. ఎంత కష్టమో. ఎదురుగా గెలుపు ఉంటే పారిపోవడం నా చేతికి రాదు. వంటశాలలో పిల్లల భోజనం ఒక్క గరిటె మిగిలినా నాకు నిద్ర పట్టదు, మొగుడితో విడిపోయేటప్పుడు కూడా ఇల్లు అద్దంలా తుడిచి తాళాలు ఇచ్చాను, నీతో బతకడం పరీక్ష రాస్తున్నట్టుంది అన్నాడాయన, ఆయన్నంటే ఏం లాభం.

ఆ వేసవి సెలవులయ్యి బడి తెరిచాక తెలిసింది మేం పోగొట్టుకున్నదేమిటో. అన్నయ్య క్లాసులో అందరూ అదే మాట్లాడుకుంటున్నారట, ఆ గుడిసె, ఆ మంచు, నేనేడ్చానురా అంటే నేనేడ్చాను అని. కువహర అని వాడి స్నేహితుడు, యసునోరీ నీకు ఎలా అనిపించింది అని అడిగితే, ఆ, బాగుంది అని తలూపాడట. వాడే చెప్పాడు నాకు, పెద్దయ్యాక, తాగినప్పుడు, కోపం లేకుండా, నవ్వుతూనే. గెలిచినవాళ్ళకి ఆ ఘట్టం రాదు. గెలిస్తే నల్ల కవచం వాడు అక్కడే చచ్చిపోతాడు, వాడెవడో ఎందుకలా నిలబడ్డాడో తెలియకుండానే కథ ముందుకి వెళ్ళిపోతుంది. మళ్ళీ మొదటినుంచి ఆడదాం అంటే అప్పటికే క్యాసెట్టు పాతకొట్టులో ఇచ్చి ఇంకోటి తెచ్చేసుకున్నాం, అప్పట్లో అందరం అంతే. తర్వాత పరీక్షలు, తర్వాత ఉద్యోగాలు. జీవితం కూడా ముందుకి పోయేదే, ఎవరూ గుమ్మం దగ్గర ఆగి మనల్ని పిలవరు.

పక్క గది తలుపు మూసే ఉంది. కొత్త చాపలు పరిపించాను అందులో, ఆ పచ్చి గడ్డి వాసన ఇక్కడిదాకా వస్తోంది. బీరువా తీయించి గుమ్మం దాకా గోడ వెంట పట్టుకుని నడవడానికి కర్ర వేయించాను, బల్లల మూలలకి మెత్తలు కుట్టాను, స్నానాలగదిలో జారకుండా ఏర్పాటు చేశాను. అన్నయ్యకి చెప్పి ఆరు వారాలో ఏడో అయింది, ఇక్కడికొచ్చెయ్, నేనుండగా నీకేం లోటు అని. వాడు ఔననలేదు, కాదనలేదు. నీగతాలో చూపు లేనివాళ్ళకి సూదివైద్యం నేర్పే బడి ఉందట, మూడేళ్ళు, అక్కడే హాస్టలు, ఏప్రిల్లో మొదలు. ఆ మాట ఒకసారి అన్నాడు, టీ తాగుతూ, వాతావరణం గురించి అన్నట్టు. యాభై ఏళ్ళకి హాస్టలా, నీ గుడ్డలు ఎవరు ఉతుకుతారు అన్నాను. మాట మార్చేశాడు. ఇవాళ తేల్చుకోవాలి, తేలుస్తాను అన్నాడు ఫోన్‌లో, ఘట్టం చూశాక చెబుతా అన్నాడు. నేను మాత్రం ఊరుకున్నానా, చెప్పాల్సినవన్నీ వరసగా పేర్చిపెట్టుకున్నాను, గది, చాపలు, వేడి అన్నం, నీకు జ్వరమొస్తే ఎవరు, రాత్రి నీళ్ళకి లేస్తే ఎవరు, అమ్మ పోతూ నాకేం చెప్పింది. చివరిది పైకి తియ్యగూడదు, తీస్తే వాడు కాదనలేడు. తీస్తాను. అవసరమైతే తీస్తాను. వాడు దూరంగా ఎక్కడో తెలియనివాళ్ళ మధ్య తడుముకుంటూ తిరుగుతున్నాడంటే నాకు అన్నం దిగదు, అది ప్రేమంటే ప్రేమ, మొండితనమంటే మొండితనం, నేను పేరు పెట్టుకోలేదు.

మెట్ల మీద బూట్ల మంచు దులుపుకుంటున్న చప్పుడు. వచ్చాడు. లేచి ఎదురెళ్ళబోయాను, అప్పటికే తలుపు తీసుకుని లోపలికి వచ్చేశాడు, గోడ పట్టుకుని, నేను వేయించిన కర్రని కాదు, ఇటువైపు గోడని.

‘ముందుకి పోలేదు కదా?’

‘అడుగు తీసి అడుగు వెయ్యలేదు. కమలాపండ్లు అయిపోయాయి, అంతే.’

‘నాక్కూడా మిగల్చలేదా, తిండిపోతా.’

టీ తాగలేదు. కోటు విప్పి నేరుగా టీవీ ముందు కూర్చున్నాడు, గాజుకి ముక్కు తగిలేంత దగ్గరగా. పాత డబ్బా టీవీ, దానికోసమే కొన్నాను. ముఖం అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటున్నాడు. ‘ఇదిగో నేను. ఇది నువ్వు. బామ్మేదీ? ఆ, ఇదిగో’ అంటుంటే వాడి ముఖం మీద మంచు వెలుగు పడింది. జుట్టు నెరిసింది బాగా.

వంతెన ఎక్కించాను. నల్ల కవచం వాడు తిరిగాడు. యుద్ధం. నేనేం చేయనక్కర్లేదు, చేతులు కట్టుకుని నిలబడితే చాలు, వాడు కొడతాడు, మేం పడతాం. మొదట అమ్మ పడింది. తర్వాత బామ్మ. తెర అంచులు ఎర్రబడ్డాయి, యసు బలం చివరికొచ్చింది, ఇంకో దెబ్బకి పోతాడు, ఎర్ర అంకె వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది, వాడి పేరు అలా వెలిగి ఆరుతుంటే

ణంగ్ మని ఆ చప్పుడు.

అన్నయ్య ముఖం తెరకి అటు చివర ఉంది, చూసి ఉండడు, విన్నాడు. ‘ఏయ్! వైద్యం చేశావా?’

‘చెయ్యి జారింది.’

‘జారిందా! నాకు పూర్తిగా నయం చేసేంత జారిందా?’

‘అలవాటు పడ్డ చెయ్యన్నయ్యా, నన్నేం చెయ్యమంటావు?’

‘మళ్ళీ జారిందంటే గెలుస్తాం, చూసుకో.’ నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వు కింద బతిమాలుకోవడం ఉంది, అది నాకు తెలుస్తుంది, చిన్నప్పటినుంచీ వాడి వీపు చూసి పెరిగిన దాన్ని. కంట్రోలర్ కింద పెట్టేసి చేతులు రెండూ దుప్పటి కిందకి దోపుకున్నాను. తోమో పడింది. యసు ఒక్కడే మిగిలాడు, నేను బాగుచేసిన వాడు, ఆలస్యంగా, దెబ్బ మీద దెబ్బ తిని, చివరికి పడ్డాడు. తెర నల్లబడింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం, ఇంకా ఎంతసేపు నల్లగా ఉంటుందో అని.

మంచు. వంతెన మీద పడి ఉన్న నలుగురు. నల్ల కవచం వాడు కత్తి దించి కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత వంగాడు.

‘ఏం చేస్తున్నాడు?’

‘మోస్తున్నాడు. బామ్మని.’

‘బామ్మనా! పాపం, బరువెక్కువ’ అని అన్నయ్య వేలితో గాజు మీద ఆ చిన్న బొమ్మని వెంబడించాడు, వంతెన దాటి, చెట్లు దాటి, గుడిసె దాకా. మళ్ళీ వెనక్కి. అమ్మని. మళ్ళీ వెనక్కి. నన్ను. చివరికి యసుని. మాటల్లేవు, సంగీతం కూడా లేదు, మంచు మీద అడుగుల చప్పుడు ఒకటే. లోపల నలుగురినీ వరసగా పడుకోబెట్టి తన దుప్పటి తీసి కప్పి, బయటికొచ్చి తలుపు మూసి, ఆ తలుపుకి ఆనుకుని మంచులో కూర్చున్నాడు. రాత్రంతా కురిసింది. తెల్లారేసరికి లేడు.

అన్నయ్య వేలు ఇంకా ఆ తలుపు దగ్గరే ఉంది. ‘లోపలికి రాలేదేం వాడు?’

‘చోటు లేదేమో’ అన్నాను.

‘చోటుంది. చూడు, నా పక్కన ఎంత ఖాళీ. దయ లేక కాదు, కోపమూ కాదు. వాడు రాలేదు, అంతే.’

పక్క గదిలోంచి చాపల వాసన వస్తోంది. పేర్చి పెట్టుకున్నవన్నీ నాలుక మీదే ఉన్నాయి, అమ్మ మాటతో సహా. వాడు గాజు మీంచి ముఖం తిప్పి నన్ను వెతికాడు, ఆ సన్నటి చూపులోకి నా ముఖం దొరికేదాకా, దొరికాక ఆగాడు.

‘తోమో. నీగతా వెళ్తానే.’

గెలవగలను. ఇంకా ఒక మాట ఉంది నా దగ్గర, అది పైకి తీస్తే గెలుస్తాను. మింగాను. రాయి మింగినట్టే ఉంది.

‘ఏప్రిల్లోనా?’

‘ఏప్రిల్లో.’

‘అక్కడ సముద్రపు గాలి. చెవులు కప్పుకో.’

‘సరే.’ తల పక్క గదివైపు తిప్పి, ‘గది బాగా చేశావు. వచ్చిన ప్రతిసారీ చేత్తో తడిమి చూశాను. సెలవులకి అందులోనే పడుకుంటా’ అన్నాడు. నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకున్నా వాడికి వినిపిస్తుంది.

బయట మసకపడింది. చీకటి పడితే వాడికి అసలేం కనపడదు, ప్రతి ఆదివారం నేనే చెయ్యి పట్టుకుని స్టాపు దాకా దించి బస్సెక్కించి వస్తాను. అలవాటుగా లేచి కోటు అందుకున్నాను. వాడు సంచిలోంచి ఏదో తీశాడు, మడతలు మడతలుగా ఉంది, విదిలిస్తే టకటకా పొడుగైంది. తెల్లకర్ర.

‘ఎప్పుడు కొన్నావు?’

‘అయింది. వాడుతున్నా కూడాను. నీ ముందు తియ్యడానికే సిగ్గేసింది.’ బూట్లు వేసుకుంటూ, నావైపు తిరగకుండా, ‘కూర్చో తోమో. చల్లగా ఉంది బయట’ అన్నాడు.

కూర్చున్నాను. తలుపు పడింది. మెట్ల మీద కర్ర చప్పుడు ఒక్కొక్క మెట్టే దిగింది, తర్వాత తడి రోడ్డు మీద, నీళ్ళ గొట్టాల సవ్వడి మధ్య, టక్కు, టక్కు. కిందింటివాళ్ళ సైకిలు ఎప్పుడూ దారికడ్డంగా పెడతారు, చెప్పడం మర్చిపోయాను, అనుకుంటుండగానే ఇనుముకి తగిలింది. ఆగిపోయింది చప్పుడు. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి, రెండు చేతులతో దుప్పటి పిడికిలి బిగించి పట్టుకున్నాను, వెళ్ళొద్దు, కిటికీ దాకా కూడా వెళ్ళొద్దు, వాడు చూసుకుంటాడు, చూసుకోకపోతే పిలుస్తాడు, పిలవకపోతే. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత టక్కు మంది, ఇంకాస్త పక్కగా, మళ్ళీ టక్కు, సైకిలు దాటి, అవతల.